మోతకి మార్కులు

సర్వే కాగితంలో ప్రశ్నలు పదకొండు. మొదటి పదీ పేరేమిటి, వయసెంత, ఇంట్లో ఎంతమంది, కిటికీలు ఎటువైపు అని అడిగే పెళ్ళిచూపుల ప్రశ్నలు. అసలు పస అంతా పదకొండోదాంట్లో ఉంది. ‘మీ ఇంటి ముందు రోడ్డు మీద వాహనాల మోత మిమ్మల్ని ఎంత చిరాకు పెడుతోంది? సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యండి.’

సోమవారం పొద్దున్న తాడేపల్లిగూడెంలో రైలెక్కింది మొదలు ఏలూరులో దిగేదాకా రమ్యశ్రీ ఆ ప్రశ్నని మనసులో నాలుగు రకాలుగా అడిగి చూసుకుంది. డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం, అదీ రెండు నెలల పాటే. మెడలో ఐడీ కార్డు, చేతిలో అట్ట, సంచీలో మోత కొలిచే మీటరు. చూడ్డానికి టీవీ రిమోట్‌లా ఉండే ఆ మీటరు రోడ్డువైపు పట్టుకుంటే అంకె చూపిస్తుంది. మనిషివైపు పట్టుకుంటే ఏం చూపించాలో దానికీ తెలీదు, పట్టుకున్న రమ్యశ్రీకీ తెలీదు.

కొల్లేరు చెరువుల నుంచి చేపల లారీలు, రొయ్యల లారీలు ఊళ్ళోకొచ్చి హైవే ఎక్కడానికి రెండు దార్లున్నాయి. ఒకటి అపార్ట్‌మెంట్ల మధ్య నుంచి పోయే డాక్టర్ల వీధి. రెండోది కాలవగట్టు రోడ్డు. కొల్లేటి లంక గ్రామాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ కాలనీ దాని మీదే ఉంది. రెండింట్లో ఒకదాన్ని లారీలకి మూసెయ్యాలని కార్పొరేషన్ ఆఫీసువాళ్ళు అనుకున్నారు. ఏ రోడ్డువాళ్ళు ఎక్కువ మార్కులు వేస్తే ఆ రోడ్డు మూస్తారు. ఆ తర్వాత రోజుకి రెండొందల లారీలూ మిగిలిన రోడ్డు మీదే. ఇది తేలేది శుక్రవారం వార్డు ఆఫీసు మీటింగులో.

“ఎందుకడుగుతున్నామో మాత్రం చెప్పకమ్మా,” అన్నాడు సూపర్‌వైజరు చిట్టిబాబు. “చెబితే ప్రతివాడూ పదే వేస్తాడు. చెప్పకపోతేనే నిజం బయటికొస్తుంది.”

డాక్టర్ల వీధివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అర్జీ పెట్టిందే వాళ్ళు.

కాలనీలో నలభై ఇళ్ళు. మొదటి ఇల్లు సత్తియ్యది. అరవై దాటిన మనిషి. అరుగు మీద కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, తెగిన చోట మళ్ళీ అల్లుతున్నాడు. రాత్రిళ్ళు రొయ్యల చెరువు దగ్గర కాపలా, పగలు ఇంటి దగ్గర ఈ పని. ఆయన భార్య ముత్యాలమ్మ కుర్చీ తెచ్చి వేసింది. వేసి లోపలికి పోకుండా, రమ్యశ్రీ వెనకాల గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“ఏ ఊరండి అమ్మాయిగారిది?” అన్నాడు సత్తియ్య, కాస్త గట్టిగానే.

“తాడేపల్లిగూడెం అండి.”

“ఆయ్. ఉల్లిపాయల ఊరండి. కూర్చోండి, మజ్జిగ పుచ్చుకుందురుగాని.”

పది ప్రశ్నలూ అయ్యాయి. పదకొండోది అడిగింది. సత్తియ్య ఆమె మొహంలోకి చూశాడు. ఆమె భుజం మీదుగా గుమ్మంవైపు చూశాడు. తర్వాత నవ్వాడు.

“చిరాకా? ఎందుకండి? ఏమీ లేదండి. సున్నా వేసేసుకోండి.”

“రోజుకి వంద లారీలు పోతున్నాయి కదండీ.”

“పోనివ్వండి. ముప్ఫయ్యేళ్ళుగా చెరువుల దగ్గర మనిషినండి నేను. నీళ్ళలో గాలి కొట్టే మోటారు తిరుగుతున్నంతసేపే రొయ్య బతుకుతుంది. అది ఆగిందంటే తెల్లారేసరికి సరుకంతా చచ్చి తేలిపోద్ది. మోత ఉంటే మాకు ధైర్యమండి. లేకపోతేనే భయం.”

ఇంతలో లారీ ఒకటి వచ్చింది. నీళ్ళు కార్చుకుంటూ, గోతిలో పడి లేస్తూ, అరుగు మీది గ్లాసుని వణికిస్తూ పోయింది. సత్తియ్య మాట ఆపకుండా ఏదో చెబుతూనే ఉన్నాడు. పెదాలు కదలడం తప్ప రమ్యశ్రీకి ఒక్క ముక్క వినపడలేదు. మీటరు ఎనభై నాలుగు చూపించింది. ఎనభై నాలుగు పక్కన సున్నా రాసుకుంది. మనసు నిమ్మళంగా ఉన్నవాళ్ళకి మోత కూడా జోలపాటేనేమో అని ముచ్చటపడింది కూడా.

రెండో ఇల్లు ఆటో నడిపే నాగదుర్గారావుది. అతను ఆటో సీటు ఊడదీసి కడుగుతూ, “సత్తియ్యగారు ఎంతేశారండి?” అని అడిగాడు.

ఒకరి జవాబు ఇంకొకరికి చెప్పకూడదు. రూల్సులో మొదటిదే అది. కానీ మనిషి అంత మర్యాదగా అడిగితే నోరు ఊరుకోదు. “సున్నా అన్నారండి,” అనేసింది.

“అయితే మాదీ సున్నాయేనండి.”

“ఆయన సంగతి ఆయనదండి. మీ సంగతి మీరు చెప్పాలి.”

“అలా కుదరదండి. లంకలో ఉన్నప్పట్నుంచీ మా...” అని ఆగాడు. లారీ పోయేదాకా నోరు సగం తెరిచే ఉంచాడు. పోయాక తెగిన చోటి నుంచే అందుకున్నాడు. “...మా కట్టుబాటు అదండి. పెద్దాయన బయటివాళ్ళతో ఒక మాట అన్నాక, ఇంకోడు ఇంకో మాట అంటే ఊరి పరువు పోద్దండి. లోపల్లోపల ఎంతైనా కొట్టుకుంటాం, అది వేరే.”

మూడో ఇంట్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. నాలుగో ఇంటికి వెళ్ళేసరికి ఆమె చెప్పకుండానే కబురు ముందు వెళ్ళిపోయింది. సాయంత్రం అయిదింటికి నలభై కాగితాలూ, నలభై సున్నాలూ అట్టకి పెట్టుకుని కాలవ వంతెన మీద నిలబడింది రమ్యశ్రీ. ఒక్క సంగతి మాత్రం ఆమెకి అంతుపట్టలేదు. సత్తియ్య తప్ప, చిరాకు లేదన్న ప్రతివాళ్ళూ లారీ వచ్చినప్పుడల్లా మాట మధ్యలో ఆపేశారు. బిందె ఎత్తుతున్న ఆవిడ ఆపింది, బేరమాడుతున్నాయన ఆపాడు. ఆపుతున్నామని వాళ్ళకే తెలిసినట్టు లేదు. దాన్ని రాసుకోవడానికి కాగితంలో గడి లేదు.

మంగళవారం డాక్టర్ల వీధి. అపార్ట్‌మెంట్ల సంఘం ప్రెసిడెంటు అబ్బాయిరాజుగారి ఫ్లాటు మూడో అంతస్తులో. కిటికీలకి రెండేసి అద్దాలు, లోపల ఏసీ. మీటరు నలభై ఎనిమిది దాటలేదు. ఆయన వేసింది పది.

“పది మీద ఇంకేమన్నా ఉంటే అదీ వేద్దును తల్లీ,” అన్నాడాయన. “రెండేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మా పని.”

రమ్యశ్రీకి లోపల నవ్వొచ్చింది. ఇంత చల్లటి గదిలో కూర్చుని పదా అనుకుంది. అప్పుడే ఆయన పక్కగది తలుపు కొంచెం తెరిచి చూపించాడు. చీకట్లో ఆయన భార్య వీరరాఘవమ్మగారు నుదుటి మీద తడిగుడ్డతో పడుకుని ఉన్నారు. ఎక్కడో దూరంగా హారన్ మోగింది. రమ్యశ్రీకి అది దోమ పాటంత కూడా అనిపించలేదు గానీ, ఆవిడ వేళ్ళు మంచం పట్టెని బిగించి పట్టుకున్నాయి. అది నటన కాదు. రమ్యశ్రీ నవ్వు అక్కడే ఆగిపోయింది.

“ఈ లారీలు ఎక్కువ ఎవరివండి?” అంది, ఏదో ఒకటి అడగాలని.

“చెరువులవాళ్ళవే.”

“మీకూ చెరువులున్నాయా అండి?”

“ఉన్నాయి, పదిహేనెకరాలు,” అన్నాడాయన కాస్త గొంతు తగ్గించి. ఆ అంతస్తులో మిగిలిన మూడు ఫ్లాట్లవాళ్ళకీ ఉన్నాయని తర్వాత తెలిసింది. అందరూ శాకాహారులే, రొయ్యలబుట్ట మాత్రం మాయం. రమ్యశ్రీ కాగితం మడవబోతుంటే ఆయన ఇంకో మాట అన్నాడు. “నిన్న కాలవగట్టు వెళ్ళావటగా. మా సత్తియ్య కనపడ్డాడా? మా చెరువు కాపలా అతనే. చెవి అంటే సత్తియ్యదమ్మా. పది చెరువుల అవతల మోటారు ఆగినా లేచి కూర్చుంటాడు. ఎనిమిదేళ్ళలో ఒక్క పంట పోలేదు నాకు. వాడున్నాడనే నేను ఇక్కడ పడుకోగలుగుతున్నాను, ఈ లారీలు పడుకోనిస్తే.”

బుధవారం పొద్దున్న చిట్టిబాబు రెండు రోడ్ల మార్కులూ కూడి చూశాడు. డాక్టర్ల వీధికి సగటున తొమ్మిదిన్నర, కాలవగట్టుకి గుండుసున్నా.

“ఇంకేముంది, తేలిపోయింది,” అన్నాడు. “లారీలన్నీ కాలవగట్టుకే.”

“సార్, అక్కడ ఎనభై నాలుగు వచ్చింది. ఇక్కడ నలభై ఎనిమిది.”

“మీటరుకి ఓటు లేదమ్మా. మనం కొలవమన్నది చిరాకుని. వాళ్ళకి లేదన్నాక ఉందని రాయడానికి మనమెవరం?” ఆయన కాగితాలు తిరగేస్తూ ఆగాడు. “ఇదిగో, మొదటి ఇంటాయన సంతకం లేదు. మజ్జిగలు తాగి సంతకం మర్చిపోయావా? వెళ్ళి పెట్టించుకురా.”

రమ్యశ్రీ మళ్ళీ కాలవగట్టుకి వెళ్ళింది. సత్తియ్య పెరట్లో నీళ్ళతొట్టి ముందు గొంతుక్కూర్చుని మొహం కడుక్కుంటున్నాడు, వీపు ఇటువైపు.

“సత్తియ్యగారూ!”

పలకలేదు. రోడ్డు మీద లారీ కూడా లేదు. ఇంకా దగ్గరికెళ్ళి మళ్ళీ పిలిచింది. మూడోసారి దాదాపు అరిచినట్టే పిలిచింది. అటు పక్కింటి కుక్క తలెత్తి చూసింది గానీ సత్తియ్య చూడలేదు.

ముత్యాలమ్మ చేపలు తోముతున్నది తోముతున్నట్టే వదిలేసి, బూడిద చేతులతో పరిగెత్తుకొచ్చింది. వచ్చి నోటితో పిలవలేదు. తొట్టి కింది నాపరాయి మీద మడమతో రెండుసార్లు గట్టిగా తన్నింది. సత్తియ్య వెంటనే తిరిగాడు. రమ్యశ్రీని చూసి, తడి మొహంతోనే నమస్కారం పెట్టాడు.

సోమవారం గుమ్మంలో ఈవిడ ఎందుకు నిలబడిందో, ఆయన తన భుజం మీదుగా ఎటు చూశాడో రమ్యశ్రీకి అర్థమైంది. తను అడిగిన ప్రతి ప్రశ్ననీ ఈవిడ వెనక నుంచి పెదాలతో ఆయనకి అందించింది.

సత్తియ్య సంతకం పెట్టి, చొక్కా తొడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. ముత్యాలమ్మ రమ్యశ్రీ చెయ్యి పట్టుకోబోయి, బూడిద చూసుకుని వెనక్కి తీసుకుంది.

“ఎవరికీ చెప్పకండి అమ్మాయిగారూ. మీకు దణ్ణం పెడతాను.”

“ఎన్నాళ్ళ నుంచండి?”

“ఆరేళ్ళవుద్దండి. ముప్ఫయ్యేళ్ళు డీజిలింజన్ల పక్కన పడుకున్నారు. కుడి చెవి ముందు పోయింది, తర్వాత ఎడమది.”

“మరి చెరువు కాపలా?”

“మోటారు ఉన్న చెక్కకి వీపు ఆనించి కూర్చుంటారండి. వణుకు ఆగితే లేస్తారు. చెవులున్నోళ్ళు నిద్రపోయినా ఆయన పోరు. కానీ ఆ మాట రాజుగారు నమ్ముతారాండి? చెవిటోడికి చెరువు ఎవరప్పగిస్తారు?” లారీ వచ్చింది. ముత్యాలమ్మ కళ్ళు మూసుకుని ఆగింది, అది పోయాక కళ్ళు తెరిచింది. “ఆయనకి చిరాకు లేదన్న మాట నిజమేనండి. నాకుందో లేదో మీరు అడిగారా?”

అడగలేదు. కాగితంలో ‘ఇంటి యజమాని’ అనే ఉంది. తను కుర్చీలో కూర్చుని, వెనక నిలబడ్డ మనిషిని చూడనైనా చూడలేదు. రమ్యశ్రీకి సిగ్గేసింది.

“ఎంతండి మీకు?”

“తల పగిలిపోద్దండి. మధ్యాహ్నం దూది పెట్టుకుని పడుకుంటాను. మనవరాలు పింకీ బళ్ళో అందరి మీదా అరుస్తోందని టీచరు చీటీ రాసి పంపింది. అరవక ఏం చేస్తదండి, ఈ ఇంట్లో మాటలు నేర్చుకుంది. కానీ రాసుకోకండి. ఆయన మాట ఇచ్చేశారు కదా.”

చెప్పకూడదనుకుంటూనే రమ్యశ్రీ చెప్పేసింది. సున్నాలు ఎందుకు పనికొస్తాయో, శుక్రవారం ఏం జరుగుతుందో, రెండొందల లారీలు ఎటు మళ్ళుతాయో అంతా చెప్పింది. వింటున్నంతసేపూ ముత్యాలమ్మ చేతి మీది బూడిద గోటితో గీకుతూనే ఉంది.

“ఆయన మాట ఆయనే వెనక్కి తీసుకోవాలండి,” అంది చివరికి. “తీసుకుంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే కొలువు పోద్ది. చెప్పకపోతే కాలనీ పోద్ది. మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారు?”

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ రెండూ తనే తవ్వినట్టనిపించింది రమ్యశ్రీకి.

గురువారం ఆమె సర్వేకి వెళ్ళాల్సిన ఇళ్ళేమీ లేవు. ఇంట్లో కూర్చుంటే తోచక, గూడెం స్టేషను బయట టీకొట్టు దగ్గర నిలబడి మీటరు తీసి చూసింది. డెబ్భై తొమ్మిది. ఇరవై నాలుగేళ్ళుగా ఈ స్టేషను పక్కనే ఉంటోంది. తనకి ఎన్ని మార్కుల చిరాకు అని తనని తాను అడిగి చూసుకుంది. మూడా, ఏడా, సున్నాయా? చాలాసేపు ఆలోచించినా తేలలేదు. వీరరాఘవమ్మగారి నలభై ఎనిమిదీ నిజమే, ముత్యాలమ్మ ఎనభై నాలుగూ నిజమే. సత్తియ్య సున్నా కూడా అబద్ధం కాదు. ఇన్ని నిజాలు కలిస్తే ఒక అన్యాయం ఎలా తయారైందో ఆమెకి బోధపడలేదు. సత్తియ్య సంగతి చిట్టిబాబుకి చెబుదామని ఫోను తీసింది, మళ్ళీ సంచీలో పెట్టేసుకుంది. టీ చల్లారిపోయింది.

శుక్రవారం వార్డు ఆఫీసులో కుర్చీలు చాలలేదు. డాక్టర్ల వీధివాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు. కాలనీవాళ్ళు కిటికీల పక్కన నిలబడ్డారు, తమ రోడ్డు గురించి మీటింగని విని పిలవకుండానే వచ్చారు. ముందు సత్తియ్య, తెల్లచొక్కా వేసుకుని. ఆయనకి ఎదురుగా, గోడకి ఆనుకుని ముత్యాలమ్మ.

మీటింగు నడుపుతున్న ఆఫీసరమ్మ మార్కులు చదివింది. కాలవగట్టు సున్నా అనగానే నాగదుర్గారావు చటుక్కున తలెత్తాడు. లారీలన్నీ అటే అనగానే కాలనీవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అందరి కళ్ళూ సత్తియ్య మీదే ఉన్నాయి.

“అభ్యంతరాలుంటే చెప్పండి,” అంది ఆఫీసరమ్మ.

ముత్యాలమ్మ పెదాలు కదిలాయి. సత్తియ్య రెండడుగులు ముందుకేశాడు.

“నా సున్నా తీసెయ్యండమ్మా,” అన్నాడు. గొంతు హాలంతా మోగింది.

అబ్బాయిరాజుగారు లేచి, ఎప్పటిలాగే నెమ్మదిగా అన్నాడు. “సత్తియ్యా, నీ మీద నాకు గౌరవం. కానీ సోమవారం సున్నా వేసి, శుక్రవారం కాదంటే ఎలా? మధ్యలో ఎవరో నేర్పినట్టుంది. కారణం చెప్పాలి కదా.”

చిట్టిబాబు మెల్లిగా రమ్యశ్రీవైపు తిరిగాడు. “నువ్వుగానీ ఏమన్నా చెప్పావా?”

రమ్యశ్రీ లేచి నిలబడింది. చెప్పానని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. పోతే పోయింది, అక్కడితో ఆగితే బాగుండు. కానీ ఎందుకు చెప్పావంటే సత్తియ్య సంగతి రాకుండా ఎలా చెప్పాలో ఆమెకి తోచలేదు.

ముత్యాలమ్మ ఈసారి పెదాలు కదపలేదు. బిగించుకుని నిలబడింది. సత్తియ్య ఆమెని చూశాడు, రమ్యశ్రీ మొహం చూశాడు, చిట్టిబాబు చూపు చూశాడు. ఎవరూ అందించకుండానే ఆయనకి అర్థమైంది.

“ఆ అమ్మాయిగారి తప్పేం లేదండి,” అన్నాడు. “నాకు వినపడదండి. ఆరేళ్ళయింది. లారీ మోతకి నన్ను మార్కులెయ్యమంటే సున్నా కాక ఎంతేస్తాను? అది నా ఒక్కడి చెవుల మాటండి, ఊరి మాట కాదు. వాళ్ళకి చెవులున్నాయి. వాళ్ళని అడగండి. ఆడాళ్ళని కూడా అడగండి.”

నాగదుర్గారావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాలనీ ఆడవాళ్ళల్లో ఎవరో ముక్కు చీదారు.

ఆఫీసరమ్మ కాసేపు కాగితాలు అటూ ఇటూ సర్ది, కాలవగట్టు కాగితాలు నలభై రద్దు చేస్తున్నాననీ, ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడిగి మళ్ళీ రాయాలనీ, అప్పటిదాకా లారీలు ఎప్పటిలాగే రెండు రోడ్ల మీదా పోతాయనీ చెప్పింది. రాయాల్సింది రమ్యశ్రీయే. ఉద్యోగం పోలేదు. కాలనీ నిలబడింది. ఆమెకి ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. ఏది ముందో తెలియలేదు.

జనం లేచారు. అబ్బాయిరాజుగారు గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. మొహం పాలిపోయి ఉంది. పదిహేనెకరాలు ఎనిమిదేళ్ళు ఎవరి చేతిలో పెట్టాడో ఆయనకి ఇప్పుడే తెలిసింది. ఆ ఎనిమిదేళ్ళలో ఒక్క పంటా పోలేదన్నది ఆ క్షణంలో ఆయనకి గుర్తు రాలేదు. సత్తియ్యకి వీపు తిప్పి, బయటికి చూస్తూ, కోపమేమీ లేని గొంతుతో అన్నాడు.

“ఇవాళ్టి నుంచి చెరువు దగ్గరికి రావద్దులే సత్తియ్యా. వేరే మనిషిని చూసుకుంటాను.”

అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. సత్తియ్య ఒక్కడే ఆయన వెళ్ళినవైపు చూస్తూ చేతులు జోడించాడు.

ముత్యాలమ్మ గోడ వదిలి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. పెదాలు తెరిచింది, మూసింది. ఆరేళ్ళుగా లోకం మాటలన్నీ ఆయనకి మోసిన మనిషికి ఆ ఒక్క మాట మొయ్యడం చేతకాలేదు.

“ఇంటికి పోదాం మావా,” అంది. “అక్కడ చెబుతాను.”

“చెప్పక్కర్లేదులేవే ముత్యాలూ,” అన్నాడు సత్తియ్య. నెమ్మదిగానే అంటున్నాననుకున్నాడు గానీ, మెట్ల కింద కారు తలుపు తీస్తున్న అబ్బాయిరాజుగారు కూడా ఆగి తలెత్తి చూశాడు. “మంచి మాటైతే మొహం ఇటు తిప్పి చెప్పేవారుగా.”

రమ్యశ్రీ కొత్త కాగితాల కట్ట తీసుకుని వాళ్ళ వెనకాలే కాలవగట్టుకి బయల్దేరింది.